పాత గుడ్డలతో అస్తరు సంచి

పాల సంఘాల పత్రికలో సంచి కుట్టే పాఠం ఎందుకని సభ్యులకు సందేహం కలగవచ్చు. మేము ఒక గ్రామ సంఘంలో ఈ మాట ఎత్తినప్పుడు పెద్దాయన ఒకరు నిలబడి, "సారూ, సంచి కుట్టుడు గూడ సంఘం పనేనా?" అని అడిగారు. అందరూ నవ్వారు. ప్రశ్న మాత్రం న్యాయమైనదే కనుక ముందుగా దానికే జవాబు చెప్పుకుందాము.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతపు సంఘాలలో పాలు పోసే వేళకు నిలబడి చూస్తే, ఎక్కువ మంది చేతిలో పల్చని ప్లాస్టిక్ కవరు వుంటుంది. పాసుపుస్తకం ఒక కవరులో, ఖనిజ లవణ మిశ్రమం పొట్లం మరొక కవరులో, అంగడిలో కొన్న కూరగాయలు ఇంకొక కవరులో. ఇల్లు చేరిన తరువాత అదే కవరులో కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం వేసి, మూతి ముడివేసి పెంటకుప్ప మీదికి విసురుతారు. వాసన పట్టిన గేదె ఆ ముడి విప్పి తినలేదు. కవరుతో సహా మింగుతుంది.

ఆవు, గేదె పెదవులతో ఏరుకొని తినే జాతి కావు. నాలుక చాచి మేతను చుట్టి లాక్కొని, పైపైన నమిలి మింగి, తీరిక దొరికినప్పుడు నెమరు వేస్తాయి. మేకకున్న ఏరుకునే నేర్పు వీటికి లేదు. మింగిన ప్లాస్టిక్ పెద్ద పొట్టలో అరగదు, ముందుకు పోదు. కవరుకు కవరు చుట్టుకొని, మధ్యలో మేత పోగులు ఇరుక్కొని, బంతిలాగా గట్టిపడుతుంది. ఆ మేరకు పొట్టలో చోటు తగ్గుతుంది. పశువు మేత తగ్గిస్తుంది, నెమరు తగ్గిస్తుంది, కడుపుబ్బరం వచ్చి పోతూ వుంటుంది, పాలు తగ్గుతాయి. సభ్యుడు దాణా మారుస్తాడు, నాటు మందు పోస్తాడు, చివరకు సంఘం పరీక్ష యంత్రం మీద అనుమానపడతాడు. అసలు కారణం పొట్టలో కూర్చొని వుంటుంది. పశువైద్యుడు పొట్ట కోసి తీయడం తప్ప దీనికి వేరే గట్టి చికిత్స లేదు.

ఇది దూరదేశపు ముచ్చట కాదు. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ అనే జంతు సంరక్షణ సంస్థ వారు వీధి పశువులకు శస్త్రచికిత్సలు చేయించినప్పుడు ఒక్కొక్క పశువు పొట్ట నుండి పదుల కిలోల ప్లాస్టిక్ బయటపడింది. ఆ సంస్థ 2012లో ఈ విషయం మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ తరువాత చట్టం కూడా బిగిసింది. కేంద్ర ప్రభుత్వం 2021 ఆగస్టులో సవరించిన నిబంధనల ప్రకారం ప్లాస్టిక్ చేతిసంచి మందం 2021 సెప్టెంబరు 30 నుండి 75 మైక్రాన్లకు, 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రాన్లకు తగ్గరాదు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. అయినా వారపు అంగడిలో పల్చని కవరు కనబడుతూనే వుంది. చేతిలో సంచి లేనివాడు కవరు అడుగుతాడు, అడిగినవాడికి దుకాణదారు ఇస్తాడు.

ఇక్కడ ఒక హెచ్చరిక. బట్టల దుకాణాల్లో, పెళ్ళిళ్ళలో పంచిపెట్టే పల్చని రంగు సంచులను చాలామంది గుడ్డ సంచులని అనుకుంటున్నారు. అవి గుడ్డ కావు. నేయకుండా, ప్లాస్టిక్ పోగులను వేడితో అతికి చేసినవి. 2021 నిబంధనలలో వాటికి కూడా చదరపు మీటరుకు 60 గ్రాములకు తగ్గరాదని హద్దు పెట్టారు. అనుమానం వస్తే ఒక పీలిక తీసి, ఇంటికి, గడ్డివాముకు దూరంగా నిప్పు ముట్టించి చూడండి. నూలు అయితే కాగితం కాలినట్లు కాలి బూడిద అవుతుంది. ప్లాస్టిక్ అయితే కరిగి, చల్లారాక పూసలాగా గట్టిపడుతుంది.

సూర్యాపేట పేరు ఈ సందర్భంలో చెప్పక తప్పదు. 2003 ప్రాంతంలో, ఖాదర్ సాహెబ్ గారు మునిసిపల్ కమిషనరుగా వున్న కాలంలో, సూర్యాపేట పట్టణం చెత్తకుండీలు లేని పట్టణంగా దేశమంతటా పేరు తెచ్చుకున్నది. ఇంటింటి వద్ద తడి చెత్త, పొడి చెత్త వేరు చేయించి, తడి చెత్తను ఎరువుగా మార్చారు, పొడి చెత్తను అమ్మారు. పట్టణంలో ఇంత పని జరిగిన చోట, ఊళ్ళో ఒక్క పెంటకుప్పను ప్లాస్టిక్ లేకుండా ఉంచుకోవడం మనకు పెద్ద పని కాకూడదు. దానికి మొదటి మెట్టు, పాల కేంద్రానికైనా అంగడికైనా చేతిలో సొంత సంచితో బయలుదేరడం.

అస్తరు ఎందుకు

సంచి లోపలివైపు వేసే రెండవ గుడ్డను దర్జీలు అస్తరు అంటారు. లైనింగ్ అన్నా అదే. కోదాడ వైపు ఒక సభ్యురాలు, "ఒక్క గుడ్డ చాలదా సారూ, రెండు గుడ్డలు పాడు చేసుడెందుకు?" అని అడిగింది. కొత్త మందపు గుడ్డ కొని కుట్టేవారికి ఒక్కటి చాలు. మనం కుట్టేది పాత ముక్కలతో. అతుకుల సంచికి లోపల కుట్టు అంచులన్నీ పోగులు లేస్తాయి. నాలుగు రోజులు బరువు మోసేసరికి ఆ పోగులు జారి కుట్టు విడుతుంది. అస్తరు వేస్తే ఆ అంచులన్నీ రెండు గుడ్డల మధ్యన దాగి, రాపిడి తగలక, పోగు జారకుండా వుంటాయి. పాసుపుస్తకం మూలలు, చెవిపోగు నంబరు రాసిన పశు బీమా కాగితాలు పోగులకు తగులుకోవు. పప్పు, చిల్లర నాణెము కుట్టుల్లో చిక్కుకోవు.

ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. పాత చీరలు పొరలుగా వేసి బొంత కుట్టని ఇల్లు మన జిల్లాలో లేదు. చివ్వెంల, దామరచర్ల మండలాల తండాలలోని లంబాడీ స్త్రీలకు గుడ్డ ముక్కలు అతికి, కింద మరొక గుడ్డ వేసి, గట్టిగా కుట్టడం తరతరాల విద్య. ఆ జాతి వారిదే అయిన కర్ణాటక సండూరు కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. తండా సభ్యులున్న సంఘాలలో ఈ పాఠం చెప్పవలసి వస్తే, చెప్పేవారిని బయటి నుండి పిలవకండి.

గుడ్డ ఎక్కడ, ఎట్లా ఏరాలి

ఇంట్లో పాత పంచె, చీర, చిరిగిన ప్యాంటు వుండనే వుంటాయి. దర్జీ దుకాణంలో కత్తిరింపు ముక్కలు అడిగితే సంచెడు ఇస్తారు. ప్రభుత్వ పాఠశాలల యూనిఫారాలు కుట్టే పనిని 2024లో మహిళా సంఘాలకు అప్పగించారు. ఆ కుట్టు కేంద్రాలలో మిగిలే ముక్కలు మందంగా, గట్టిగా, రంగు పోకుండా వుంటాయి. సంచి పైగుడ్డకు అంతకంటే మంచివి దొరకవు. మిర్యాలగూడలో బియ్యం మిల్లుల పుణ్యమా అని పాత గోనెకు కొదవ లేదు. గోనె ముక్క సంచి అడుగున మధ్యపొరగా పనికివస్తుంది. పైగుడ్డగా మాత్రం మాకు నచ్చదు. తడిస్తే బరువెక్కుతుంది, ఆరదు, పీచు రాలుతుంది.

దాణా బస్తా సంగతి తప్పక అడుగుతారు. ఇప్పుడు వచ్చే దాణా బస్తాలు ఎక్కువగా ప్లాస్టిక్ పోగుతో నేసినవి. బలంగానే వుంటాయి. కాని ఎండలో నెలల తరబడి పడివుంటే పోగు పెళుసై, చేతితో నలిపితే పొడి అవుతుంది. ఆ తెల్లని పీచు కొట్టంలో రాలితే మళ్ళీ మొదటికే వచ్చినట్లు. కత్తిరించిన అంచు కూడా నిలవదు. నీడలో ఉంచిన బస్తా ముక్కను రెండు గుడ్డల మధ్య అడుగుపొరగా వాడవచ్చు, అంతవరకే. ఇస్త్రీ పెట్టె తగిలితే కరిగిపోతుందని గుర్తుంచుకోవాలి. యూరియా బస్తా, పురుగుమందుల అట్టపెట్టెలకు చుట్టిన గుడ్డ ఎంత ఉతికినా తిండి సామాను మోసే సంచికి వాడరాదు.

ముక్కలను కోసే ముందు మూడు పరీక్షలు. మొదట వెలుతురుకు ఎత్తిపట్టి చూడాలి. జల్లెడలాగా వెలుగు కనబడే చోటు పక్కకు పెట్టండి. తరువాత రెండు బొటనవేళ్ళు దగ్గరగా పెట్టి గుడ్డను అటూ ఇటూ లాగండి. చిటపటమంటే అది అస్తరుకు కూడా పనికిరాదు. మూడవది, రంగు. ముక్కలన్నిటినీ వేరువేరుగా ఒక రాత్రి నీళ్ళలో నానవేయాలి. రంగు దిగేది తెల్లవారితే తెలుస్తుంది. నానవేయడంలో ఇంకొక లాభం వున్నది. పాత గుడ్డ ఏనాడో కుంచించుకొని వుంటుంది, దర్జీ ఇచ్చిన కొత్త ముక్క ఇంకా కుంచించుకోలేదు. రెండూ నేరుగా కలిపి కుడితే మొదటి ఉతుకులోనే సంచి ముడతలు పడుతుంది.

గుడ్డకు పడుగు, పేక వుంటాయని నేతగాళ్ళున్న ఈ ప్రాంతంలో చెప్పనక్కరలేదు. ముక్కకు అంచు లేనప్పుడు పడుగు ఏదో తెలియకపోతే రెండు వైపులా లాగి చూడండి. తక్కువ సాగేది పడుగు. సంచిలో పడుగు నిలువుగా రావాలి. చేతి పట్టీలకు నిడివి వెంట రావాలి. ఈ ఒక్క నియమం తప్పినందువల్లనే చాలా ఇంటి సంచులు నెల తిరగకుండా వేలాడిపోతాయి.

సూది సంగతి

కుట్టడానికి కూర్చునే ముందు, పాడి ఇంటివారు కనుక, ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాము. మధ్యాహ్నం నీడ వున్నదని కొట్టం అరుగు మీద, గడ్డివాము పక్కన కూర్చొని కుట్టే అలవాటు చాలా ఇళ్ళలో వున్నది. అది మానాలి. చేయిజారిన సూది గడ్డిలో పడితే మనకు కనబడదు. గేదె దానిని గడ్డితోబాటు మింగుతుంది. సూది, గుండుసూది, తీగముక్క బరువు కనుక తేనెపట్టులాగా గళ్ళు వుండే రెండవ పొట్టలోకి దిగి అక్కడే ఆగుతుంది. ఆ పొట్టకు, గుండెకు మధ్యన ఒక పల్చని తెర మాత్రమే అడ్డం. పొట్ట ముడుచుకున్నప్పుడల్లా సూది ముందుకు పొడుచుకుంటూ, తెరను దాటి గుండె పొరను తాకుతుంది. చూలు నిండినప్పుడు, ఈత నొప్పులప్పుడు కడుపులో ఒత్తిడి పెరిగి ఈ ప్రమాదం ఎక్కువవుతుంది.

అటువంటి పశువు ముందరి కాళ్ళ మోచేతులు బయటికి పెట్టి నిలబడుతుంది. దిగుడులో నడవడానికి ఇష్టపడదు. పడుకుంటే మూలుగుతుంది. కొన్నాళ్ళకు గంగడోలు దగ్గర నీరు దిగి వాపు వస్తుంది. వాపు వచ్చిన తరువాత పశువైద్యుడు చేయగలిగింది చాలా తక్కువ. మొదటి లక్షణాలప్పుడే చూపిస్తే పొట్ట కోసి తీసే అవకాశం వుంటుంది. ఇనుము ముక్క మింగిన పశువుకు పొట్టలో అయస్కాంతం వేసి నిలిపే పద్ధతి కొన్ని దేశాల్లో పాడి పశువులకు మామూలు అలవాటు. మనకు అంతకంటే చవక పద్ధతి వున్నది. ఇంటి లోపల, చాప మీద, తెల్లని దుప్పటి పరచుకొని కుట్టండి. మొదలుపెట్టేటప్పుడు సూదులు, గుండుసూదులు లెక్కపెట్టి, లేచేటప్పుడు మళ్ళీ లెక్కపెట్టండి. ఒకటి తక్కువైతే దొరికేదాకా దుప్పటి దులపవద్దు. దారపు తునకలు, గుడ్డ పీలికలు కూడా పెంటకుప్ప మీద వేయక పొయ్యిలోకి పోవాలి. ప్లాస్టిక్ కలిసిన పీలికలు పొయ్యిలో కాకుండా పొడి చెత్తలోకి.

కొలతలు

మేము చెప్పే సంచి పూర్తయ్యాక ఎత్తు 14 అంగుళాలు, అడుగు 11 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు వుంటుంది. ఖనిజ మిశ్రమం పొట్లాలు రెండు, పాసుపుస్తకం, వారం కూరగాయలు దీనిలో పడతాయి. అన్ని కుట్లకు అర అంగుళం గుడ్డ వదలాలి.

పైగుడ్డకు 8½ అంగుళాల వెడల్పు, 9 అంగుళాల ఎత్తు గల ముక్కలు 8 కావాలి. నాలుగేసి ముక్కలు కలిపితే 16 అంగుళాల వెడల్పు, 17 అంగుళాల ఎత్తు గల పలక ఒకటి వస్తుంది. అటువంటివి రెండు. అంత పెద్ద ముక్కలే దొరికితే అతుకులు అక్కరలేదు. అస్తరుకు కూడా 16కు 17 ముక్కలు రెండు. పాత మెత్తని చీర, పంచె దీనికి మంచివి. పట్టీలకు 4 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల పొడవు గల పేలికలు రెండు. లోపలి జేబుకు 8కి 9 ముక్క ఒకటి.

అస్తరును పైగుడ్డకంటే కొంచెం చిన్నదిగా కోయాలని దర్జీలు చెబుతారు. అందం కోసం అది నిజమే, లోపల ముడత పడదు. కాని అస్తరు చిన్నదైతే బరువంతా దాని మీదనే పడుతుంది. మన అస్తరు పాత చీర. అందుచేత రెండూ సమానంగా ఉంచి, బరువు పైగుడ్డ మీద పడనివ్వడమే మాకు ఉచితంగా తోస్తుంది.

కుట్టు క్రమం

మిషను వున్నవారికి, అలవాటు వుంటే, ఇది రెండు గంటల పని. చేతికుట్టు అయితే రెండు మూడు మధ్యాహ్నాలు పడుతుంది. చేతితో కుట్టేవారు దారం రెండు పేటలుగా తీసుకొని వెనుక కుట్టు వేయాలి. అంటే సూదిని ముందుకు తీసి, మళ్ళీ వెనుకకు వచ్చి పాత కుట్టు చివరనే గుచ్చి, ఇంకొంచెం ముందు తేలనివ్వడం. నేరుగా పోయే కచ్చా కుట్టు ముక్కలను తాత్కాలికంగా పట్టి ఉంచడానికే గాని బరువు మోయదు.

ముందుగా అతుకులు. గుడ్డ మంచివైపును సీదా అని, రెండవ వైపును ఉల్టా అని దర్జీల మాట. రెండు ముక్కల సీదా వైపులు ఎదురెదురుగా పెట్టి కుట్టి, కుట్టు అంచులను రెండు వైపులకు విప్పి గోటితో గాని ఇస్త్రీతో గాని అణచాలి. జంటలను మళ్ళీ జతపరిస్తే పలక తయారవుతుంది. నాలుగు ముక్కలు కలిసే చోట కుట్లు ఒకదానికొకటి ఎదురుగా రావాలి. అర అంగుళం అటూ ఇటూ అయినా సంచి మోయడానికి ఆటంకం లేదు. చూడటానికి మాత్రం కంటికి తగులుతుంది.

జేబు ముక్క పై అంచును అర అంగుళం చొప్పున రెండుసార్లు మడిచి కుట్టాలి. మిగిలిన మూడు అంచులు అర అంగుళం లోనికి మడిచి, అస్తరు ముక్కల్లో ఒకదాని సీదా వైపు, పై అంచుకు 3 అంగుళాల కింద, నడుమ పెట్టి మూడు వైపులా కుట్టాలి. జేబు మూతి రెండు మూలల్లో కుట్టును రెండు మూడుసార్లు తిప్పాలి. చేయి పెట్టి తీసినప్పుడల్లా చిరిగేది అక్కడే.

ఇప్పుడు పైగుడ్డ పలకలు రెండూ సీదా వైపులు ఎదురుగా పెట్టి, రెండు పక్కలు, అడుగు కుట్టాలి. అస్తరు కూడా అదేవిధంగా. ఒకే తేడా, అస్తరు అడుగు కుట్టు నడుమ 6 అంగుళాలు కుట్టకుండా వదలాలి. ఈ సందు మరచిపోతే సంచి తిరగవేయడానికి దారి వుండదు, కుట్టు విప్పుకోవలసివస్తుంది.

అడుగు వెడల్పు రావడానికి మూలలు కుట్టాలి. ఇది వినడానికి చిక్కు, చేతితో చేస్తే సులువు. సంచి మూల వద్ద పక్క కుట్టును అడుగు కుట్టు మీదికి తెచ్చి రెండూ ఒకే గీతగా పరచాలి. అప్పుడు మూల మొనదేలి త్రికోణంగా వస్తుంది. మొన నుండి కుట్టు వెంట 2 అంగుళాలు కొలిచి, సుద్దముక్కతో అడ్డగీత గీయాలి. గీత నిడివి 4 అంగుళాలు రావాలి. రాకపోతే రెండు కుట్లు సరిగా కలవలేదని అర్థం, మళ్ళీ పరచండి. గీత మీద రెండు వరుసలు కుట్టాలి. మొనను కత్తిరించకండి, అడుగువైపు మడిచి నాలుగు కుట్లు వేస్తే అడుగుకు బలం. పైగుడ్డకు రెండు మూలలు, అస్తరుకు రెండు మూలలు. గోనె మధ్యపొర వేసేవారు 11కు 4 ముక్కను ఈ దశలో పైగుడ్డ అడుగున ఉల్టా వైపు పట్టి కుట్టుకోవాలి.

పట్టీలు. 4 అంగుళాల పేలికను నిలువుగా నడిమికి మడిచి గుర్తు పెట్టి, రెండు అంచులను ఆ గుర్తుకు మడిచి, మళ్ళీ నడుమ మడిస్తే నాలుగు పొరల అంగుళం పట్టీ వస్తుంది. రెండు అంచుల వెంట కుట్టు వేయాలి. నేత చీర అంచు దొరికితే పట్టీకి అదే వాడండి. చీరంతా చిరిగినా అంచు చిరగదు, పోచంపల్లి చీర అయినా, మామూలు నూలు చీర అయినా.

పైసంచిని సీదా వైపు బయటికి వుండేటట్లు తిప్పాలి. ఒక్కొక్క ముఖం మీద ఒక్కొక్క పట్టీని ఉంచాలి. పక్క కుట్టు నుండి 4 అంగుళాల దూరంలో పట్టీ బయటి అంచు రావాలి, పట్టీ మెలిక పడకుండా సంచి వైపు కిందికి వేలాడాలి, కొసలు గుడ్డ అంచుకంటే ఒక అంగుళం పైకి పొడుచుకొని వుండాలి. కచ్చా కుట్టుతో పట్టి ఉంచండి. తరువాత ఈ పైసంచిని, ఉల్టా వైపు బయటికి వున్న అస్తరు సంచి లోపల దూర్చాలి. అంటే రెండింటి సీదా వైపులు ఒకదానికొకటి ఎదురుగా, పట్టీలు నడుమ వుంటాయి. పక్క కుట్లు కలిపి, మూతి చుట్టూ కుట్టు వేయాలి. పట్టీ దగ్గర కుట్టు వెనుకకు తిప్పి రెండుసార్లు వేయాలి.

అస్తరు అడుగున వదలిన సందులో చేయి పెట్టి, పైసంచిని మెల్లగా బయటికి లాగితే మొత్తం తిరగబడుతుంది. సంఘం సమావేశాలలో చేసి చూపినప్పుడు పిల్లలు చప్పట్లు కొట్టేది ఇక్కడే. సందు అంచులు లోనికి మడిచి కుట్టి మూసి, అస్తరును సంచి లోపలికి నెట్టాలి. మూతి చుట్టూ పావు అంగుళం కింద పైకుట్టు ఒకటి వేయాలి. చివరగా ప్రతి పట్టీ మొదట, మూతి కింద అంగుళం చదరంలో నాలుగు వైపులా, మూలలనుండి మూలలకు అడ్డంగా కుట్టు వేస్తే, లోపల దాగిన పట్టీ కొస కూడా దొరికి బిగుస్తుంది. ఈ చదరం వేయని సంచి అయిదు కిలోలు మోయడం అనుమానమే.

వాడకం, ఉతుకు

సంచిని లోపలివైపు బయటికి తిప్పి ఉతికి, అట్లాగే ఆరవేయాలి. అస్తరు ముందు ఆరితే బూజు పట్టదు. పట్టీ మొదట పోగు లేవగానే కుట్టుకుంటే మరొక ఏడాది మోస్తుంది. అస్తరు ముందుగా చిరిగితే పాత సందు కుట్టు విప్పి, సంచిని తిరగవేసి, కొత్త అస్తరు వేయవచ్చు. పైగుడ్డ పనికివస్తుంది. ఖనిజ మిశ్రమం పొట్లాన్ని విప్పకుండానే సంచిలో పెట్టండి. విడిగా పోస్తే చెమ్మ పీల్చి గడ్డకడుతుంది. మిగిలిన పాత గుడ్డ ముక్కలు పాలు వడకట్టడానికి వాడవద్దు. వడపోత గుడ్డ వేరే వుండాలి, రెండు పూటలా ఉతికి, వేడినీళ్ళలో మరిగించి, ఎండలో ఆరవేసినదై వుండాలి.

పాల డబ్బా మూతకింద, బీడీ కట్టలతో, పాసుపుస్తకంతో ఒకే జేబు పంచుకునే వారికి ఒక సూచన. జేబును నడుమ ఒక నిలువు కుట్టు వేసి రెండుగా చేసుకోవచ్చు. ఇది మా సొంత ఆలోచన కాదు, మిర్యాలగూడ దగ్గర ఒక సభ్యురాలు చేసి చూపింది. బిల్లు చీటీలు ఒకవైపు, డబ్బు ఒకవైపు వుంటాయి, లెక్క తప్పదు.

లెక్క అన్నందుకు కార్యదర్శులకు ఒక మాట. సంఘం దాణాను విడిగా తూచి అమ్మినచోట ఖాళీ బస్తాలు సంఘం ఆస్తి. మధ్యపొర కోసం సభ్యులకు ఇవ్వదలచినా, అమ్మదలచినా, పాలకవర్గం తీర్మానం వ్రాసి, సరుకు నిల్వ పుస్తకంలో ఎన్ని ఇచ్చినది, ఎవరికి ఇచ్చినది పేరు, సభ్యత్వ నంబరుతో తగ్గించి చూపాలి. అమ్మితే వచ్చిన సొమ్ముకు రసీదు వేయాలి. బస్తాతో సహా కొన్న సభ్యునివి అతనివే, వాటికి పద్దు అక్కరలేదు. తనిఖీకి వచ్చినప్పుడు మేము సంచులు ఎన్ని కుట్టారో తప్పక అడుగుతాము, దానికి ముందు ఈ పుస్తకం అడుగుతాము.